వీణ దగ్గర వంద రోజులు

మొదలుపెట్టే ముందు

మాది ఒడిశాలోని రాయగడ. ఇంటి ముందు గదిలో టైలరింగ్ షాపు, వెనక గదిలో వీణ. జాకెట్లు కుట్టడం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. వీణ పట్టుకుని ఏడాదిన్నర. ఈ డైరీ రాయడానికి కారణం చాలా రోజులుగా నన్ను వదలని ఒక ప్రశ్న.

కటింగ్ బల్ల దగ్గర నిలబడితే నాకు టైం తెలియదు. పట్టుచీరలోంచి తీసిన జాకెట్టు గుడ్డ తప్పు కోస్తే మళ్లీ దొరకదు. అయినా సుద్దగీత వెంట కత్తెర నడుస్తున్నంతసేపూ నా మనసులో భయం ఉండదు, ఇంకో ఆలోచనా ఉండదు. పక్కన పెట్టిన టీ చల్లారిపోతుంది. వీణ దగ్గర మాత్రం ఒక్కరోజూ అలా జరగలేదు. ఐదు నిమిషాలకోసారి గడియారం చూస్తాను. కుట్టు నాకు బతుకుతెరువు, వీణ ప్రాణం. మరి ప్రాణమైన దాని దగ్గర మనసు ఎందుకు నిలవదు?

మా అమ్మాయి బరంపురంలో డిగ్రీ చదువుతోంది, సైకాలజీ. సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ మాట అంటే, "అమ్మా, నువ్వు చెప్పేదానికి పేరుంది. ఫ్లో అంటారు" అంది. హంగేరియన్ కుటుంబంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన చిక్సెంట్‌మిహాయి అనే ఆయన 1960లలో చిత్రకారులను గమనిస్తూ దీని వెంట పడ్డాడట. వాళ్లు బొమ్మ వేస్తున్నంతసేపూ ఆకలీ అలసటా మరిచిపోయేవారు. బొమ్మ పూర్తవగానే దాన్ని గోడకి ఆనించి ఇంకోటి మొదలుపెట్టేవారు. అంటే వాళ్లకి కావలసింది పూర్తయిన బొమ్మ కాదు, వేస్తున్న ఆ సమయం. తర్వాత చదరంగం ఆడేవాళ్లని, కొండలెక్కేవాళ్లని, నాట్యం చేసేవాళ్లని, ఆపరేషన్లు చేసే డాక్టర్లని అడిగి 1975లో ఆ సంగతులన్నీ ప్రచురించాడు. అందరూ దాదాపు ఒకేలా చెప్పారట. ఏం చేయాలో స్పష్టంగా తెలియాలి. చేసింది ఒప్పో తప్పో అప్పటికప్పుడే తెలిసిపోవాలి. పని మన చేతనైనదానికి సరితూగాలి. మరీ తేలికైతే విసుగొస్తుంది, మరీ బరువైతే టెన్షన్ వస్తుంది.

వింటుంటే నా కటింగ్ బల్లే కళ్లముందు కనిపించింది. ఆ మూడూ అక్కడున్నాయి. వీణ దగ్గర ఏది లేదో కనిపెట్టాలి.

అందుకే వంద రోజులు పెట్టుకున్నాను. తెల్లవారి ఐదు నుంచి ఆరు వరకు. నోటుబుక్కులో ఐదు గళ్లు గీశాను. ఏం వాయించాను, ఏ కాలం (అంటే వేగం), మెట్రోనోమ్ (లయకి టిక్కు టిక్కుమనేది) అంకె, తప్పులు. చివరి గడి పేరు "ము". మా వైపు మునిగిపోవడాన్ని ములిగిపోవడం అంటాం. మనసు ములిగిన రోజు అక్కడ టిక్కు.

1 నుంచి 9 రోజులు

శివరాత్రి వెళ్లిన మర్నాడు మొదలుపెట్టాను. రోజూ తొలి పాఠాలే: సరళీ వరుసలు, జంట స్వరాలు, ఏడు అలంకారాలు, చివర మలహరి రాగంలో గీతం. గంటలో అన్నీ అయిపోవాలని పరుగు. తొమ్మిది రోజులకీ "ము" గడి ఖాళీ. తప్పుల గడిలో రోజూ ఒకటే మాట, "చాలా".

10 నుంచి 12 రోజులు

చిక్సెంట్‌మిహాయి మనుషులకి పేజర్లు ఇచ్చి, అవి రోజులో ఎప్పుడు పడితే అప్పుడు మోగినప్పుడు ఏం చేస్తున్నారో, ఎలా ఉందో రాయమనేవాడని అమ్మాయి ఫోన్లో చెప్పింది. బాగుందనిపించి నేనూ సాధన గంటలో మూడుసార్లు మోగేలా అలారాలు పెట్టాను. మోగగానే "ములిగానా?" అని చూసుకోవడం.

ఇది పనికిరాలేదు. నిద్రపోతున్న మనిషిని తట్టి "నిద్ర పట్టిందా?" అని అడిగినట్టయింది. ఇంకా నష్టం ఏమిటంటే, అలారం ఇప్పుడు మోగుతుందేమోనని చెవి దానిమీదే ఉంటోంది. మూడో రోజు తీసేశాను. గడి మాత్రం ఉంచాను. వీణ గుడ్డ కప్పాక, టీ తాగాక నింపుతాను.

17వ రోజు, ఆదివారం

ఆదివారాలు పొద్దున్న బండికి పార్వతీపురం వెళ్తాను, మేష్టారి దగ్గరకి. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారు. 1919లో ఆ కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ చెప్పారు, తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. మేష్టారు వాళ్లిద్దరి గురించి ఇంట్లో పెద్దవాళ్ల గురించి చెప్పుకున్నట్టే చెబుతారు.

నోటుబుక్కు చూపించాను. పేజీలు తిప్పారు. కళ్లజోడు తీశారు.

"ఇన్ని వాయించావు కదమ్మా. ఏది విన్నావు?"

జవాబు తోచలేదు.

"ఈ వారం త్రిపుట ఒక్కటే వాయించు. ఒకటో కాలంలోనే. మిగతావేవీ ముట్టుకోవద్దు."

గంటంతా ఒక్క అలంకారమా అనుకుంటూ రైలెక్కాను. కూనేరు దాటేదాకా అదే ఆలోచన.

18 నుంచి 24 రోజులు

త్రిపుట తాళం ఏడు అక్షరాలు, మూడూ రెండూ రెండు. అలంకారం కూడా అలాగే ఉంటుంది: స రి గ, స రి, గ మ. తర్వాత ఒక్కో మెట్టూ పైకి జరుగుతూ రి గ మ, రి గ, మ ప. రాగం మాయామాళవగౌళ. కాగితం మీద చూస్తే చిన్నపిల్లల పాఠం.

ఇందులో ఒక సంగతుంది. ఏడాదిన్నరగా వాయిస్తున్నా నాకిది తట్టలేదు. కుడిచేత్తో చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి మీటాలి. ఏడు బేసి సంఖ్య. కాబట్టి మొదటి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) చూపుడువేలితో మొదలైతే రెండోది మధ్యవేలితో మొదలవుతుంది. మూడోది మళ్లీ చూపుడువేలు. నేను ఇన్నాళ్లూ ప్రతి ఆవర్తనాన్నీ చూపుడువేలితోనే మొదలుపెడుతున్నాను, అంటే ప్రతిసారీ చివరి స్వరం తర్వాత అదే వేలు రెండుసార్లు పడుతోంది. రెండో కాలంలో నా చెయ్యి ఎందుకు తడబడుతుందో ఇప్పుడు తెలిసింది. కుట్టులో మొదట వంకరపోయిన చంక భాగాన్ని ఎంత ఇస్త్రీ చేసినా సరికానట్టే, ఇది వేగంతో సరయ్యే తప్పు కాదు.

వారమంతా వేళ్ల మీదే ధ్యాస పెట్టాను. "ము" గడి ఖాళీయే. అయినా గడియారం చూడ్డం తగ్గింది. మా అత్తయ్య వంటింట్లోంచి, "ఇయ్యాల ఒకటే ముక్క వాయించేవు, చెవికి హాయిగా ఉంది పిల్లా" అంది.

29వ రోజు

ఇది వివరంగా రాసుకోవాలి.

వీణకి వాయించే తీగలు నాలుగు. పక్కన తాళం వేసే తీగలు మూడు: పక్క సారణి, పక్క పంచమం, హెచ్చు సారణి. హెచ్చు సారణిని పై షడ్జానికి, అంటే పై స కి, శ్రుతి చేస్తాం. వాయించే సారణి తీగ మీద పన్నెండో మెట్టు (తీగల కింద అడ్డంగా ఉండే కడ్డీ) దగ్గర పలికేది కూడా ఆ షడ్జమే. రెండూ అచ్చంగా కలిస్తే, ముట్టుకోకుండానే హెచ్చు సారణి తనంతట తాను కదులుతుంది. ఈ మాట మేష్టారు ఎప్పుడో చెప్పారు. నేను చూడలేదు.

ఈరోజు జాకెట్టు నమూనా కాగితంలోంచి వేలిగోరు కన్నా చిన్న ముక్క కోసి, మధ్యకి మడిచి హెచ్చు సారణి మీద గుర్రమెక్కించినట్టు పెట్టాను. పన్నెండో మెట్టు నొక్కి మీటాను. కాగితం కదల్లేదు. మళ్లీ మీటాను. కదల్లేదు. తీగ శ్రుతి చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. పదిసార్లయ్యాక, ఎడమచేతి వేళ్లు నొప్పెట్టి కొంచెం వదులుగా నొక్కి మీటినప్పుడు కాగితం సన్నగా వణికింది. ఇంకోసారి అంతే మెత్తగా నొక్కాను. ఈసారి ఎగిరి కింద పడింది.

వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి. తీగని అవసరానికి మించి అదిమితే అది సాగి స్వరం పైకి పోతుంది. నేను పట్టుగుడ్డని మిషను పాదం కింద పట్టుకున్నంత బిగువుగా తీగని పట్టుకుంటున్నాను. నా స్వరాలన్నీ ఓ వెంట్రుకవాసి పైన ఉంటున్నాయి. చెవికి ఏదో బాగోలేదని తెలుస్తోంది గానీ ఏమిటో తెలియడం లేదు. కాగితం ముక్క ఆ సంగతి చెప్పేసింది.

కటింగ్ బల్ల దగ్గర ఉన్నదీ వీణ దగ్గర లేనిదీ ఇదే అనిపిస్తోంది. గుడ్డ మీద కత్తెర తప్పితే అదే క్షణంలో కంటికి తెలుస్తుంది. వీణ మీద నా తప్పు నాకు ఆదివారం తెలిసేది, పార్వతీపురంలో.

33వ రోజు

ఉగాది వెళ్లిన మర్నాడు. త్రిపుట, మెట్రోనోమ్ 60, రెండో కాలం. కాగితం ముక్క పెట్టుకున్నాను.

ఏం జరిగిందో రాయడం కష్టంగా ఉంది. మొదట కాగితం చూస్తున్నాను. తర్వాత చూడకుండానే అది కదిలిందని తెలుస్తోంది. తర్వాత వేళ్లు మారుతున్నాయన్న లెక్క కూడా పోయింది, కానీ మారుతున్నాయి. ఏడు అయిపోయి మళ్లీ ఒకటి వస్తున్నప్పుడు లోపల ఏదో తిరిగొచ్చి కూర్చున్నట్టుంది. పాలవాడు వీధి తలుపు కొడుతున్నాడు. చాలాసేపట్నుంచి కొడుతున్నాడట. ఆరూ ఇరవై అయింది.

"ము" గడిలో మొదటి టిక్కు. పెన్ను పట్టుకుంటే చెయ్యి కొంచెం వణికింది.

34 నుంచి 40 రోజులు

రోజూ అది మళ్లీ రావాలని కూర్చున్నాను. నిన్నటి చాప, నిన్నటి కాగితం, నిన్నటి అంకె. రాలేదు. ఏడు రోజులూ ఖాళీ. వీణ వాయిస్తూ వీణని కాకుండా ఆ 33వ రోజుని వింటున్నాను. పైగా 60 అంకె దగ్గర త్రిపుట ఇప్పుడు చేతికి తేలికైపోయింది, మనసు బజారుకి పోతోంది. ముప్ఫై మూడో రోజున సరితూగిన పని నలభయ్యో రోజుకి సరితూగదు.

సంప్రదాయంగా ఒకటో కాలం నుంచి రెండోదానికి వేగం రెట్టింపవుతుంది. నాలాంటి ఆలస్యపు చేతికి అది పెద్ద గెంతు. మెట్రోనోమ్‌ని 60 నుంచి 64, తర్వాత 68, అలా నాలుగేసి పెంచుకుంటూ వెళ్లాలని నిర్ణయించుకున్నాను. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే పెంచాలి. తప్పు రెండుసార్లు అక్కడే పడితే నాలుగు తగ్గించాలి.

41వ రోజు

మెట్రోనోమ్ కట్టేసి, మలహరి గీతం ఫోన్‌లో రికార్డు పెట్టి వాయించాను. ములిగిపోయాను. పదినిమిషాలనుకున్నది నలభై నిమిషాలు. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

సాయంత్రం షాపు మూసి రికార్డు విన్నాను. మొదటి పాదం 60 దగ్గర ఉంది. చివరికొచ్చేసరికి 72కి పరుగెత్తింది. పక్క పంచమం దిగిపోయి ఉంది, నేను తాళం వేసిన ప్రతిసారీ అది అపస్వరం పలికింది. వాయిస్తున్నప్పుడు ఇందులో ఒక్కటీ నాకు వినపడలేదు.

నాకు చాలా బాధేసింది. అన్నం సయించలేదు. అంత ఆనందం కలిగినప్పుడు సంగీతం బాగున్నట్టే అని నమ్మాను.

42వ రోజు

రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. ఆండర్స్ ఎరిక్‌సన్ అనే ఇంకో శాస్త్రవేత్త సంగతి చెప్పింది. ఆయన, మరో ఇద్దరు కలిసి బెర్లిన్‌లో సంగీతం చదువుకునే వయొలిన్ విద్యార్థుల సాధన పరిశీలించి 1993లో ప్రచురించారట. నైపుణ్యం పెంచే సాధన వేరు, అది కష్టంగానే ఉంటుంది, దానంతట అది సరదాగా ఉండదు అని వాళ్ల మాట. మనకి చేతకాని చోటునే పట్టుకుని కూర్చోవాలి కదా మరి.

"అయితే ములగడం తప్పా?" అని అడిగాను.

"తప్పని ఎవరన్నారమ్మా? ఆ రెండూ ఒకటి కాదంటున్నాను, అంతే."

దీని మీద రెండు రోజులు ఆలోచించాను. షాపులో నేను చేసేది కూడా ఇదే. కొత్త మోడల్ మెడ వస్తే ముందు పాత లైనింగు గుడ్డ మీద రెండుసార్లు కోసి చూస్తాను, విప్పుతాను, మళ్లీ కోస్తాను. అప్పుడు ములగను, తిట్టుకుంటాను. ములిగేది తర్వాత, పట్టుగుడ్డ మీద. పాతికేళ్ల కిందటి ఆ విప్పుళ్లన్నీ నేను మరిచిపోయాను కాబట్టి, ములగడం ఒక్కటే గుర్తుంది.

44వ రోజు నుంచి కొత్త పద్ధతి

గంటని రెండు ముక్కలు చేశాను. మొదటి అరగంట రిపేరు. ఒకే పాదం, ఒకే తప్పు, మెట్రోనోమ్, కాగితం. రెండో అరగంట వాయించడం, మధ్యలో ఆగకూడదు, దిద్దకూడదు. రికార్డు రెండో అరగంటకి మాత్రమే. మర్నాడు జాకెట్లకి హుక్కులు కుడుతూ వింటాను. మొదలుపెట్టే ముందు ఏడు తీగలూ శ్రుతి చూడ్డం తప్పనిసరి, మధ్యలో ఒకసారి పక్క పంచమం.

చైత్రం కావడంతో మజ్జిగౌరమ్మ గుడికి జనం. మైకులు తెల్లవారుజామునే మొదలవుతున్నాయి. నాలుగు రోజులు సాధన నాలుగింటికి జరిపాను.

46, 49, 53, 54 రోజుల్లో టిక్కులు. నాలుగూ రెండో అరగంటలో వచ్చినవే. రిపేరు అరగంటలో ఒక్కటీ రాలేదు. 54వ రోజు రికార్డులో కాలం 64 దగ్గర మొదలై 66 దగ్గర ఆగింది.

63 నుంచి 71 రోజులు

పెళ్లిళ్లు. ఒడియా వాళ్లవీ తెలుగు వాళ్లవీ ఒకేసారి పడ్డాయి. రాత్రి పన్నెండు దాకా మిషను. వీణ మీద గుడ్డ తీయలేదు. తొమ్మిది గళ్లూ ఖాళీ.

72వ రోజు

గుడ్డ తీసి మీటితే స్వరం వికారంగా పలికింది. ఎండలకి మైనం మెత్తబడి తొమ్మిదో మెట్టు ఒక పక్కకి ఒరిగింది. వీణకి 24 మెట్లు, అన్నీ మైనంలోనే కూర్చి ఉంటాయి. వెనక గది రేకుల కప్పు. వీణని ఆ గోడవారే నిలబెట్టాను. తప్పు నాదే.

బండెక్కించి బొబ్బిలి తీసుకెళ్లాను. ఈ వీణ అక్కడి గొల్లపల్లిలోనే పుట్టింది, ఒకే పనస మానులోంచి తొలిచి చేసినది. చేసినాయన మైనం వేడిచేసి, మెట్టు కూర్చి, మీటి విని, గోటితో వెంట్రుకంత జరిపి, మళ్లీ మీటి విన్నారు. నేను పక్కనే ఉన్నా ఆయనకి నేనున్నట్టు తెలియదు. అరగంటకి తలెత్తి, "ఎప్పుడొచ్చేరమ్మా?" అన్నారు. నేను వచ్చినప్పుడు వీణ ఆయన చేతికిచ్చింది నేనే.

78వ రోజు

ఎడమచేతి వేళ్ల మీద తీగ గాట్లు తొమ్మిది రోజుల్లో మెత్తబడిపోయాయి. మళ్లీ నొప్పి. కొబ్బరినూనెలో వేళ్లు అద్దుకుని వాయిస్తున్నాను. మెట్రోనోమ్ 56కి దింపాను. దింపడానికి ఈసారి మనసు ఒప్పుకుంది.

ఈరోజు నోటుబుక్కులో కొత్త పేజీకి గళ్లు గీస్తూ "ము" గడి గీయలేదు. బొబ్బిలిలో ఆయన అలాంటి గడి ఎక్కడా నింపుకోవడం లేదు. నేను కూడా కటింగ్ బల్ల దగ్గర ఎన్నడూ నింపలేదు. ఆ జాగాలో "ఏది విన్నాను" అని రాశాను. మేష్టారు అడిగిన ప్రశ్నే.

87వ రోజు, ఆదివారం

మేష్టారు గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, మొదలుపెట్టారు. పదకొండో మెట్టు మీద నిషాదం పట్టి, తీగని పక్కకి లాగి, మెట్టు మారకుండానే షడ్జం తెప్పించాలి. ఎంత లాగాలో చూపించే గీత ఏదీ లేదు. తక్కువైతే బేసురు, ఎక్కువైతే షడ్జం దాటిపోతుంది. కాగితం ముక్క సంగతి చెబితే మేష్టారు పెద్దగా నవ్వి, "పెట్టు, చూద్దాం" అన్నారు. ఆయన లాగితే మొదటిసారే ఎగిరింది. నాది పదిహేనోసారి.

"కాగితం తీసేసి కూడా వాయించుకో అప్పుడప్పుడు. అది చూసేది నీకు వినపడాలి కదా."

అమ్మాయి చెప్పిన ములగడం గురించి కూడా ఈసారి అడిగాను. కాసేపు తాళం వేస్తూ ఊరుకుని, నారాయణదాసు గారు చేతులతో, కాళ్లతో, తలతో వేర్వేరు తాళాలు వేస్తూ పాడేవారని చెప్పారు. "అంత లెక్కలో ఉన్న మనిషిని ములగలేదని అనగలవా?" 41వ రోజు నాకు లెక్క పోయింది, ములిగాననుకున్నాను. ఈ మాట తిరుగు రైల్లో మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది.

95వ రోజు

రిపేరు అరగంటలో గమకం ఒక్కటే. ని నుంచి స. నలభైసార్లు లాగానేమో. కాగితం తీసేశాను. కిటికీలోంచి వెలుతురు వచ్చి వీణ కుండ మీద పడింది. అప్పుడు చూస్తే రెండో అరగంట ఎప్పుడో అయిపోయింది, రిపేరులోనే. రెండు అరగంటల లెక్క కూడా మార్చుకోవాలేమో. రికార్డు లేదు, పెట్టడం మరిచాను.

99వ రోజు

మలహరి గీతం, రూపక తాళం, రెండో కాలం, 68. మూడో పాదంలో ధ నుంచి ప దిగేటప్పుడు చూపుడువేలు రెండుసార్లు వరసగా పడింది. హెచ్చు సారణి కొంచెం దిగింది, మధ్యలో సరిచేశాను. విన్నది: మంద్రం తీగ మోగడం ఆగాక కూడా గదిలో మిగిలిన షడ్జం.

100వ రోజు

అదే గీతం, అదే పాదం, 60కి దింపి. తప్పు పోయింది. 64కి పెంచితే మళ్లీ వచ్చింది. రేపు అక్కణ్ణుంచే.